పట్టని కూలర్

కొన్నేళ్ళుగా ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా తోడల్లుడికి పామర్రులో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే షాపు ఉండేది. మా ఆవిడ అక్క భర్త, నాకంటే పెద్దవాడు. మా బావమరిది పెళ్ళిలో భోజనాల పెత్తనమంతా ఆయనదే. నేను బంతిలో కూర్చున్నాను. ఆకులో పప్పు పడింది, నెయ్యి పడింది, ముద్ద కలిపాను. అప్పుడు వచ్చాడు.

"తమ్ముడూ, కాస్త లే. పెళ్ళికూతురి తరఫువాళ్ళు నిలబడిపోయారు. నువ్వు మనవాడివేగా, తర్వాతి బంతిలో కూర్చుందువుగాని."

లేచాను. కలిపిన ముద్ద ఆకులోనే ఉండిపోయింది. వెనకాల ఎవరో నవ్వారు. నిజంగా నవ్వారా? నవ్వారనే ఇప్పటికీ అంటాను. ఆయన మాత్రం ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. లేపడం కన్నా అదే ఎక్కువ మండింది నాకు.

నేను భవానీపురంలో కంప్యూటర్లు బాగుచేస్తాను. కొన్నాళ్ళకు ఆయనే ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, సిస్టం వేడెక్కి మధ్యలో ఆగిపోతోందయ్యా. ప్రాసెసర్ మీద బిగించే పెద్ద కూలర్ ఒకటి చూశాను. మన కేబినెట్‌లో పడుతుందా? నువ్వు చూసి చెబితే నాకు ధైర్యం."

చూశాను. శ్రద్ధగానే చూశాను. కూలర్ ఎత్తెంతో, ప్రాసెసర్ నుంచి కేబినెట్ పక్క తలుపు దాకా ఖాళీ ఎంతో రెండూ చూశాను. కూలరే సెంటీమీటరు ఎక్కువ. ఆ సెంటీమీటరు దగ్గర నాకు ఆ ఆకు గుర్తొచ్చింది.

"పడుతుంది అన్నయ్యగారూ. కళ్ళు మూసుకుని కొనెయ్యండి."

తలుపు మూసుకోక, ఆయన కొన్నచోటికే తిరిగి వెళ్ళి, నలుగురిలో చులకన కావాలనుకున్నాను. అంతే అనుకున్నానా? మూసుకోని తలుపును ఆయన వదలడని, ఒత్తయినా మూస్తాడని నాకు తెలియదా?

ఒత్తే బిగించాడు. కొన్నాళ్ళు నడిచింది. సరిగ్గా ముహూర్తాల రోజుల్లో, కూలర్ నొక్కుడుకి లోపలి బోర్డు చీలిపోయింది. వీడియోలు అందక పెళ్ళివాళ్ళు షాపు ముందు నిలబడి అరిచారు. ఆ తర్వాత పనులు రాలేదు. షాపు మూసేసి, గన్నవరంలో ఇంకొకరి స్టూడియోలో జీతానికి కుదిరాడు.

"నువ్వు చూసే చెప్పావు తమ్ముడూ. నేనే మొరటుగా బిగించాను," అన్నాడు. అప్పుడైనా నోరు విప్పవలసింది. విప్పలేదు. హాయిగా ఉండింది.

మొన్న వాళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నన్ను మొదటి బంతిలో కూర్చోబెట్టాడు. నెయ్యి తనే వడ్డించాడు. నాకు ముద్ద దిగకూడదు కదా? దిగింది. మారు కూడా వేయించుకుని తిన్నాను.

ఆ రోజు నన్ను లేపినందుకు ఆయన్ని ఇంకా క్షమించలేదు. ఆయన నన్ను క్షమించాలనీ అడగడం లేదు. ఆ కూలర్ పట్టదని నాకు తెలుసు. తెలిసే పడుతుందన్నాను.

ఇదే ఆ మాట. బయటికి వచ్చింది.