పెద్ద ఓడ కట్టని బావ

పడవల బావకి ఉన్న పిచ్చి ఒక్కటే: యుద్ధంలో పెద్ద ఓడ కట్టడు. ఆ ఒక్కటీ వంద పిచ్చిల పెట్టు అని ఆయన బావమరిది గట్టి అభిప్రాయం.

యుద్ధమంటే నిజం యుద్ధం కాదు, కంప్యూటర్లో ఆడే సముద్ర యుద్ధం. ఆటగాళ్ళందరికీ సమానంగా ఉక్కు ఇస్తారు. ఆ ఉక్కుతో ఎవరికి నచ్చిన ఓడలు వాళ్ళు కట్టుకుని, ఎదుటివాడి రేవు పట్టుకోవాలి. మెడమీద తలకాయున్న ప్రతివాడూ ముందుగా కొండంత యుద్ధనౌక ఒకటి కడతాడు. పడవల బావ మాత్రం ఆరువేల టన్నులు దాటిన ఓడని ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆట అలా చెయ్యమనలేదు, ఎదుటివాడు బతిమాలలేదు. తన కాళ్ళు తనే కట్టేసుకుని పరుగుపందానికి దిగే మనిషిని ఏమనాలి?

బావమరిది ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయరు. గుద్దుకున్న కార్లు చూసి ఏది పనికొస్తుందో, ఏది తుక్కో తేల్చడం ఆయన వృత్తి. బావ ఓడల్ని ఒక్క చూపులో తుక్కు కింద జమకట్టేశాడు. ఒక్కటీ సరైన ఓడ కాదు, అలాగని పడవా కాదు, గోచీకి ఎక్కువ అంగవస్త్రానికి తక్కువ. పైగా బావది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి తన మీదికొచ్చే యుద్ధనౌక కనబడదు!

"ఎందుకు బావా ఈ దరిద్రం?" అని అడిగితే రోజుకో కారణం చెప్పేవాడు.

"పెద్ద ఓడ కడితే దానికి తగ్గ పేరు పెట్టాలి కదోయ్. నాకు పేర్లు తట్టవు."

మర్నాడు ఇంకోటి. "అంత ఓడని మలుపు తిప్పేసరికి నా మెడ పట్టేస్తుంది."

"తిరిగేది తెరమీద ఓడ. మధ్యలో నీ మెడకేమొచ్చింది?"

"దాంతోపాటు నేనూ తిరుగుతాగా!"

దుకాణం మీది గదిలో ప్రతి శనివారం సాయంత్రం క్లబ్బు కూడేది. జంటల పోటీలో బావమరిది, ఖర్మ కాలి, బావకి జోడీ అయ్యాడు. ఎదురుగా పళ్ళ డాక్టరూ ఆయన తమ్ముడూ. ఆట సగంలో డాక్టరు యుద్ధనౌకలు బావమరిది రేవుని చుట్టుముట్టాయి.

"బావా! ఒక్కటంటే ఒక్క పెద్ద ఓడ కట్టు! నా రేవు పోతోంది!"

"ఆరువేలు దాటదుగా?"

"నలభైవేలు దాటాలి!"

"అయితే కుదరదోయ్. నాలుగు పడవలు పంపిస్తున్నా, ధైర్యంగా ఉండు."

పంపించాడు. డాక్టరు వాటిని పాలపళ్ళు పీకినట్టు పీకి పారేశాడు. రేవు పోయింది, పోటీ పోయింది, బావమరిది పరువూ పోయింది. బావ మాత్రం లేచి నిలబడి, "భలే కొట్టారండీ డాక్టరుగారూ!" అని చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకి బావమరిదికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆదివారం మామగారింట్లో ఇంకో దర్బారు. మామగారంటే బావమరిది తండ్రే. జీవితమంతా ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి, ఓడంటే ఎలా ఉండాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయి, మెల్లగా తేరుకున్నాడు. అప్పట్లో బావమరిది ఉద్యోగం వేరే ఊళ్ళో. ఈ మధ్యే బదిలీ చేయించుకుని వచ్చి తండ్రి దగ్గర ఉంటున్నాడు. హాల్లో రెండు కంప్యూటర్లు పెట్టుకుని మామా అల్లుడూ ఆడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. తిట్లు వినడానికైతే చెవులు చాలవు.

"ఏమండీ అల్లుడుగారూ! ఇవి ఓడలా, సబ్బుపెట్టెలా?"

"ఓడలేనండీ మామయ్యగారూ."

"నా క్రేనుకి ఇవి తగిలించి ఉంటే, ఉత్త కొక్కెమే పైకొచ్చిందనుకుని దింపేసేవాణ్ణి! బుర్ర కూడా చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి వచ్చారా?"

అల్లుడు తల దించుకునేవాడు. తిట్టు తిట్టుకీ 'గారు' ఉండేది, మర్యాదకి లోటు లేదు. బావమరిది పక్కన కూర్చుని, ఇంత మాట పడే బదులు ఒక్క ఓడ కట్టి చావొచ్చు కదా అని పళ్ళు నూరుకునేవాడు.

ఇలా ఉండగా బావ పక్క ఊళ్ళో కళ్ళ పరీక్షల శిబిరానికి వెళ్ళాల్సి వచ్చింది.

"ఈ ఆదివారం నా బదులు నువ్వు కూర్చో. ఒక్క మాట, పెద్ద ఓడ మాత్రం కట్టకు" అన్నాడు వెళ్తూ.

"సరే సరే" అన్నాడు బావమరిది. మనసులో మాత్రం, పాపం నాన్న, ఇన్నాళ్ళూ సబ్బుపెట్టెలతో విసిగిపోయుంటాడు, ఇన్నాళ్ళకి సరైన ఉజ్జీ దొరికిందని సంబరపడతాడు అనుకున్నాడు. ఆదివారం ఉన్న ఉక్కంతా పోసి ఒకే ఒక్క యుద్ధనౌక కట్టాడు.

చిన్న ఓడలు దగ్గరికొచ్చి కొట్టాలి. అవి వచ్చేలోపు ఆలోచించుకోవచ్చు, వణికే వేళ్ళు కూడదీసుకోవచ్చు. పెద్ద ఓడ ఆకాశం అంచునుంచే కొడుతుంది. పెద్దాయన ఎత్తు వెయ్యడానికి వేళ్ళు బిగించేలోపే ఓడ మీద ఓడ మునిగింది. ఆయన మౌస్ పక్కకి నెట్టాడు. "బా...గుంది" అని ఒక మాట నమిలి, గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజునుంచి పలుకు లేదు. కుడిచెయ్యి ఒళ్ళో పడేసి, చెంచా ఎడంచేత్తో పట్టుకున్నాడు. బావమరిది బతిమాలాడు, పలకలేదు. ఆటకి రమ్మన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. కబురు తెలిసి అక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏం కట్టావురా?"

"యుద్ధనౌక."

"ఎంత?"

"నలభై అయిదు వేల టన్నులు."

అక్క కుర్చీలో కూలబడింది. "నీ చేతులు పడి..." అనబోయి నాలిక్కరుచుకుంది.

"పెద్ద ఓడ కట్టొద్దని మీ బావ చెప్పలేదూ?"

"చెప్పాడు. పిచ్చి అనుకున్నా."

"పిచ్చి నీకు! నాన్నకి మాట పడిపోయినప్పుడు ఆస్పత్రి డాక్టరు ఏమన్నాడో తెలుసా? వేళ్ళు కదిలించాలి, మాట్లాడించాలి, మానేస్తే రెండూ పోతాయన్నాడు. ఎంతమంది వచ్చి ఎంత తియ్యగా మాట్లాడినా గోడవైపే తిరిగాడు. మీ బావే ఈ ఆట పట్టుకొచ్చాడు. అప్పట్లో క్లబ్బులో ఈయనే మొనగాడు. మామూలుగా ఆడితే నాన్న ఓడిపోయి మౌస్ నెట్టేశాడు. సరే అని కావాలని ఓడిపోతే, ఇట్టే పసిగట్టి దిండు విసిరాడు."

"అప్పుడూ?"

"అప్పుడు పెట్టుకున్నాడు ఒట్టు. ఆరువేలు దాటనని. ఆ బుల్లి ఓడలతోనే ప్రాణం పెట్టి ఆడతాడు, అందుకే ఆట సమానంగా సాగుతుంది. మొదటిసారి వాటిని చూసి నాన్న, నెలల తరబడి నోరు విప్పని మనిషి, 'ఒరే వెధవా, ఇదేం ఓడరా!' అన్నాడు. అల్లుణ్ణి పట్టుకుని వెధవ అన్నందుకు ఇల్లంతా ఏడ్చి నవ్వింది. మీ బావైతే బిరుదు వచ్చినట్టు వీధంతా చెప్పుకొచ్చాడు. మాట బాగుపడే కొద్దీ ఆ 'గారు' తిరిగొచ్చింది."

"మరి క్లబ్బులో ఎందుకు? అక్కడన్నా గెలవొచ్చుగా!"

"క్లబ్బువాళ్ళంతా నాన్నని చూడ్డానికి వస్తారా లేదా? అక్కడ పెద్దవీ ఇక్కడ చిన్నవీ కడుతున్నాడని ఒక్క మాట జారితే చాలు. జాలి వాసన తగిలిందంటే నాన్న మళ్ళీ మౌస్ ముట్టడు. అందుకని అందరిచేతా వెర్రివాడనిపించుకుంటున్నాడు. నీచేత కూడా."

బావమరిది అక్క మాట నమ్మాడు. అయినా సర్వేయరు బుద్ధి ఎక్కడికి పోతుంది? బావ ఊరినుంచి రాగానే తప్పు ఒప్పుకుని, "నిజంగా నువ్వు మొనగాడివేనా? ఏదీ, ఒక్క ఆట చూపించు" అన్నాడు.

బావ కాసేపు నసిగి, దుకాణం షట్టరు దించి, పక్కవాళ్ళు వింటారేమో అన్నట్టు చప్పుడు కాకుండా ఒక యుద్ధనౌక కట్టాడు. ముందు పెట్టుకున్న కాఫీ చల్లారేలోపే బావమరిది నౌకాదళం మొత్తం అడుగుకి చేరింది. బావ కళ్ళు మెరిశాయి. అంతలోనే ఆట చెరిపేసి, మెడ రుద్దుకున్నాడు.

"చూశావా, పట్టేసింది!"

"బావా, ఇప్పుడు నాన్నని లేపేదెలా?"

"మామయ్యగారు జాలికి లేవరోయ్, కోపానికి లేస్తారు. నన్ను తిట్టి తిట్టి అలవాటైపోయింది, నాతో పనవదు." బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బావమరిదిని ఎగాదిగా చూశాడు. "కొత్త వెధవ కావాలి."

సాయంత్రం కొత్త వెధవ తండ్రి గదిలో మంచం పక్కన నిలబడ్డాడు. వెనక స్టూలు మీద బావ.

"నాన్నా! నేనిక పెద్ద ఓడలు కట్టను."

గోడవైపు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నాలుగువేలు దాటను."

ఆ లెక్కకి పెద్దాయన మెల్లగా ఇటు తిరిగాడు. "ఎం...దుకు?"

ఎన్ని టన్నులో అనుకుని వచ్చాడు బావమరిది, కారణం మాత్రం అనుకోలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాడు. "పెద్దవైతే... కడుక్కోవడం కష్టం నాన్నా."

"నీళ్ళ...లో ఉండే...దాన్ని... కడ...గడ...మేంట్రా?"

"ఉప్పు పడుతుంది కదా."

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఎడంచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. కొడుకునీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూశాడు. "ఒక్కడు చాలడని... ఇద్దరు వెధవలా నా ఇంటికి! కుర్చీ లాగు!"

హాల్లో కుడిచెయ్యి వణుకుతూ వెళ్ళి మౌస్ మీద పడింది. కొడుకు తన బుల్లి ఓడల్ని నిజంగానే ప్రాణం పెట్టి నడిపాడు. నిజంగానే మునిగాయి. ఒక్కోటి మునుగుతుంటే పెద్దాయన తిట్టు ఒక్కోటీ ముందుదానికంటే స్పష్టంగా, నిడుపుగా, దంచినట్టు వస్తోంది. కారు గుద్దినవాణ్ణి కూడా ఎవరూ ఇన్ని మాటలనరనుకుంటూ కొడుకు, ఆనందంతో ఉక్కిరిబిక్కిరై, "ఇంకా తిట్టు నాన్నా" అనబోయి ఆపుకున్నాడు.

స్టూలు మీద బావ మొదట నవ్వుతూ కూర్చున్నాడు. కాసేపటికి కదిలాడు. ఇంకాసేపటికి దగ్గాడు. చివరికి ఉండబట్టలేక ముందుకు వంగాడు.

"మామయ్యగారూ, పోయినసారి నేనూ పడవని అక్కడే తప్పుగా పెట్టానండీ. మీరు చూడనేలేదు."

పెద్దాయన తెరమీంచి చూపు తిప్పలేదు. "తొందరపడకండి అల్లుడుగారూ. వీడి పని కానిచ్చి మీ దగ్గరికే వస్తున్నా."