ఆఖరి కుందేలు

ఈ ఉదయం పక్కింట్లో పాయా పొయ్యి మీద పెట్టారు. ఎముకలు ఉడికే వాసన గోడ దాటి రాగానే నాకు మా ప్రయోగశాల గుర్తొచ్చింది, దాని వెంటే ఖాదర్ సార్. పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొగ కనిపించేంత దూరంలో ఉన్న ఆ విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు ఆయన అధిపతి. నేను 1981లో చేరాను. కసాయి దుకాణం నుంచి తెచ్చిన బర్రె ఎముకలను ఉడికించి, శుభ్రం చేసి, ఫర్నేస్‌లో తెల్లగా కాల్చి, విరిగిన ఎముకల్లో ఖాళీ నింపే బిళ్లలు చేసేవాళ్లం. వాటిని ముందు కుందేళ్ల కాళ్లలో పెట్టి చూసేవాళ్లం.

తలుపు పక్కన ఒక చెక్క బోర్డు ఉండేది. మాలో ఎవరికి అవార్డు వచ్చినా సంవత్సరం, పేరు దాని మీద పెయింటర్‌తో రాయించేవారు సార్. ఆ రోజు అందరికీ ఇరానీ హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. తన అవార్డులను మాత్రం బోర్డు ఎక్కనివ్వలేదు. "నాయి రాస్తే మీకు జాగ ఏడుంటది?" అనేవారు. ఏ ఫలితం చూపినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఆఖరి కుందేలు ఎట్లున్నదమ్మా?" బాగున్నవాటి సంగతి మేమే ముందు చెబుతామని, బాగాలేనిదాన్ని చివరికి నెడతామని ఆయనకు తెలుసు.

1988లో ఒక యువ శాస్త్రవేత్తల పతకానికి నా పేరు ఖాయమైంది. ముప్పై అయిదేళ్లు నిండనివాళ్లకే ఇస్తారు. నాకు మరుసటి మార్చిలో నిండుతాయి. ఇంద్రేశంలో మా నాన్న ఊరంతా చెప్పుకుని, తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. పెయింటర్ సంవత్సరం రాసి, పేరు రాయడానికి ఖాళీ గీత గీసి వెళ్లాడు. ఆ వారంలోనే మా కుందేళ్లలో చివరిది కుంటడం మొదలుపెట్టింది. ఎక్స్‌రేలో బిళ్ల చుట్టూ ఎముక కరిగిపోయినట్టు కనిపించింది. కుట్ల దగ్గర చీము పట్టి ఉంటుందని సార్‌తో అన్నాను.

"ఉండొచ్చు. బిళ్ల తప్పు గూడ కావొచ్చు. ఎరుకైనంక తీసుకుందం పతకం."

"అప్పటికి నాకు ఏజ్ దాటిపోతది సార్."

ఆయన కిటికీ వైపు తిరిగి, "తెలుసు" అన్నారు. ఆ సాయంత్రమే కమిటీకి పని పూర్తి కాలేదని రాశారు. పతకం వేరొకరికి వెళ్లింది. నాన్న ఒక్కసారే అడిగాడు: "ఇస్తమన్నోళ్లు ఎందుకియ్యలే బిడ్డా?" నేను చెప్పింది ఆయనకు అర్థం కాలేదు. చొక్కా మడతపెట్టి పెట్టెలో దాచేశాడు.

మళ్లీ మొదటి నుంచి చేశాం. ఏడాది పట్టింది. కొత్త కుందేళ్లన్నీ కోలుకున్నాయి. పాతదాని ఎముకను పరీక్షిస్తే, చీము కుట్ల నుంచే పాకిందని తేలింది. ఆ కాగితం సార్ బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"నేను జెప్పిందే నిజమైంది సార్."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమే. గాని గప్పుడు మనిద్దరికీ తెల్వదు గదమ్మా."

బయటికి వెళ్లి చాయ్, బిస్కెట్లు తెమ్మన్నారు. ఎవరికి అవార్డని విద్యార్థులు అడిగితే ప్లేటు వాళ్ల వైపు జరిపారు. నేను బిస్కెట్ ముట్టుకోలేదు.

1988 ఎదుట గీత ఖాళీగానే ఉండిపోయింది. ఆ ఏడాదే మరొకరికి బహుమతి వస్తే, సార్ ఆ పేరును కింది వరసలో రాయించారు. ఆయన పోయాక, 2003లో, బోర్డుకు కొత్త రంగు వేస్తూ ఆ ఖాళీ వరస ఎందుకని తీసేశారు. నేను పక్కనే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. ఊరుకున్నాను.

పాయా వాసన పోకముందే ఫోన్ మోగింది. నా దగ్గర చదువుకుని, ఇప్పుడు కంది ఊళ్లోని విద్యాసంస్థలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. తన బిళ్లలకు అవార్డు ఖాయమైందట. సంతోషమన్నాను. ఆ వెంటనే నోటికి వచ్చేసింది: "ఆఖరి కుందేలు ఎట్లున్నదమ్మా?"

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ పిల్లకు ఎన్నేళ్లో అడగబోయి, ఆగిపోయాను.