కాటా మైకులో బావ గొంతు

పోర్టు యార్డులో లారీలను కాటాకి పిలిచే గొంతు మా బావది. బావంటే చుట్టం కాదు. విశాఖలో పక్కసీటువాడు కూడా బావే. ఒకే ఆఫీసులో ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని ప్రోగ్రాములు రాశాం. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నది తక్కువ.

లారీలు తూచే ఆ కాటాలకు సాఫ్ట్‌వేర్ మాదే. ఏ లారీ ఏ కాటా ఎక్కాలో మైకులో చెప్పడానికి బావ సి భాషలో చిన్న లైబ్రరీ, అంటే శబ్దాలు పలికించే ప్రోగ్రాముల కట్ట, రాశాడు. అంకెలూ, ‘లారీ’, ‘కాటా’, ‘రావాలి’ లాంటి కొన్ని మాటలూ తన గొంతుతోనే రికార్డు చేశాడు. అప్పుడు మైకు పట్టుకున్నది నేనే. ‘ఒకటి అను బావా’ అన్నాను. గొంతు సవరించుకుని ‘లాభం’ అన్నాడు. వాళ్ళ నాన్న ఆనందపురంలో ధాన్యం కొలిచేవాడు. కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. చిన్నప్పుడు ఆ ధాన్యం కుప్పల పక్కనే ఆడుకున్నవాడు కదా, నోటికి అదే వచ్చేసింది. అనేసి భుజాలు అదిరేలా నవ్వాడు. నవ్వు కూడా రికార్డైపోయింది.

చెరిపేస్తానంటే ఒప్పుకోలేదు. “ఉండనీ బావా. బోణీ కదేటి,” అన్నాడు. అలా లైబ్రరీలో మొదటి శబ్దం అదే అయింది. ‘ఒకటి’ని మళ్ళీ విడిగా రికార్డు చేశాం కాబట్టి ఏ లారీ డ్రైవరూ దాన్ని వినలేదు. టెస్టు చేసినప్పుడల్లా మేమిద్దరం వినేవాళ్ళం.

తర్వాత బావకి గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు, మాట పోయింది. వన్ టౌన్‌లో వాళ్ళింటికి వెళ్తే మంచం మీద కూర్చుని చేతులతో ఏదో చెప్పేవాడు, సగం నాకు అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టు తలూపి బయటికొచ్చి, సందు చివర ఆటో ఎక్కి ఏడ్చేవాణ్ణి. వాళ్ళింట్లో పెళ్ళి వీడియోల్లో ఎక్కడో ఓ ముక్క గొంతు ఉందేమో గానీ, రోజూ పలికే గొంతంటే ఇక ఆ లైబ్రరీలోదే.

సరిగ్గా అప్పుడే కాటాల దగ్గర పాత విండోస్ కంప్యూటర్లు తీసేసి, లైనక్స్ నడిచే చిన్న పెట్టెలు పెట్టాలన్నారు. మా ఓనరు నన్ను పిలిచి, “రెడీమేడ్ గొంతులు దొరుకుతున్నాయి కదా, ఆడపిల్ల గొంతు, నీటుగా ఉంటది. అదొకటి కొనేద్దాం,” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కొని తగలెట్టండి అందామని నోటిదాకా వచ్చింది. మింగేసి, “వారం టైమియ్యండి సార్, పాత లైబ్రరీనే మారుస్తాను,” అన్నాను. “వారమే. నడవకపోతే కొనేద్దాం,” అన్నాడు.

మార్చాల్సింది ముఖ్యంగా హెడర్ ఫైలు. లైబ్రరీలో ఏమేం పనులున్నాయి, వాటిని ఎలా పిలవాలి, ఏ అంకెకి ఎంత చోటు కావాలి అని చెప్పే ఫైలది. బావ రాసిన హెడర్ నిండా విండోస్ మాటలే. అవి లైనక్స్‌కి తెలియవు. ఒక్కొక్కదానికీ అర్థం నేనే రాసిపెట్టాను. డీవర్డ్ అనే అంకెల రకానికి విండోస్‌లో ఎలా ఉంటుందో అలాగే ‘లాంగ్’ అని రాశాను. కంపైల్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. సంబరంగా మొదటి శబ్దం ప్లే చేశాను. ఏమీ వినపడలేదు. స్పీకరు మార్చాను, వైరు మార్చాను. మూడు రోజులు తిట్టుకుంటూ కూర్చున్నా ఆ పెట్టె నోరు విప్పలేదు.

ఎప్పుడు ఇరుక్కుపోయినా బావకి ఫోన్ చెయ్యడం అలవాటు. చేసేశాను. ఎత్తాడు. “బావా, కంపైల్ అయిపోయింది గానీ మాట రావట్లేదు,” అన్నాను. అవతల గరగరమని ఊపిరి వినిపించింది, అంతే. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది. ఫోన్ పెట్టేశాక మెసేజ్ వచ్చింది: “కుంచం మారింది సూడు బావా.”

ఆనందపురం కుంచం, పక్క ఊరి కుంచం ఒకటి కావని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఇక్కడా అదే జరిగింది. విండోస్‌లో లాంగ్ అంటే నాలుగు బైట్లు, ఈ లైనక్స్‌లో ఎనిమిది. ఏ మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకెలు రెండు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. ఇక ఆ మాట దొరికేదెలా? హెడర్‌లో ఆ ఒక్క లైను మార్చి, ఎక్కడైనా సరే నాలుగు బైట్లే అని రాశాను. మళ్ళీ ప్లే చేశాను.

“లాభం,” అన్నాడు బావ. ఆ వెంటనే నవ్వు. పక్క సీట్లవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

కొత్త పెట్టె బిగించిన రోజు బావ మెడకి తువ్వాలు చుట్టుకుని యార్డుకి వచ్చాడు. లోపల కూర్చోమంటే వద్దని చెయ్యూపి, మైకు స్తంభం కింద నిలబడ్డాడు. నేను కాటా గదిలో కిటికీ దగ్గరున్నాను. లారీ నంబరు చెప్పి, రెండో కాటాకి రావాలని మైకు పిలిచింది. బావ తలెత్తి చూశాడు. ఆ నంబరు బొగ్గు లారీ వచ్చి ఆయన పక్కనే ఆగింది. డ్రైవరు కొత్తవాడు.

“బావా, ఏ కాటా అన్నాడు? ఇంజను సప్పుడికి ఇనబడనేదు,” అని అడిగాడు.

బావ అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. మాట రాలేదు. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. నాకు చూడబుద్ధి కాక మళ్ళీ బటన్ నొక్కాను. “రెండో కాటాకి రావాలి,” అంది పైనుంచి ఆయన గొంతు.

“అదిగో, ఆడు సెప్తన్నాడు. నువ్వు మాటాడవేటి బావా,” అంటూ డ్రైవరు లారీ ముందుకి పోనిచ్చాడు.

బావ భుజాలు అదిరాయి. లాభం అన్న రోజు నవ్విన నవ్వే అది. చప్పుడు మాత్రం లేదు.