బోడి కాయ, పరాయి గుట్ట

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఇరవై దాటి రెండు మూడేళ్ళయిన ఏ ఆడపిల్లకైనా, చేతిలో ఫోనూ, మోకాళ్ళ దగ్గర చిరుగుల జీన్సూ, నాలుగు ముక్కలు ఇంగ్లీషూ ఉంటే అట్లాగే అనిపిస్తుందని నా నమ్మకం. బళ్ళారిలో పుట్టినవాళ్ళకు గుట్టలంటే పెద్ద గొప్పేమీ ఉండదు. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా బండలే, ఆ బండల మీద కోటే. ఎండాకాలంలో చీకటి పడ్డాక కూడా అవి వేడి కక్కుతుంటే విసుక్కోవడమే తప్ప, తలెత్తి చూసిన పాపాన పోయినవాళ్ళం కాదు. అట్లాంటి దాన్ని, గుట్ట మీది కోట చూడటానికి పోర్చుగల్ దాకా పోయాను. పోయి, చూడవలసిన వాటిలో సగం చూడకుండా, జన్మలో ఎవరూ చూడనివి కొన్ని చూసి వచ్చాను.

నన్ను తీసుకుపోయింది మా మేనత్త. ఊళ్ళో అందరూ ఆమెను జిప్పత్త అంటారు. పెళ్ళయిన కొత్తలో ఇంటి అరుగు మీద కూర్చుని ప్యాంట్లకు జిప్పులు కుట్టడంతో మొదలుపెట్టి, సొంతంగా జీన్సు యూనిట్ పెట్టుకునేదాకా వచ్చిన మనిషి. (నా చిరుగుల జీన్సు ఆమె కళ్ళకు ఘోరమైన అవమానం. "కుట్టేది మేమా, సింపుకొని తిరిగేది నువ్వా?" అని కనబడినప్పుడల్లా తిట్టేది.) ఆ యూనిట్లో ఇంగ్లీషు మెయిళ్ళకు జవాబులు రాయడం నా మొదటి ఉద్యోగం. లిస్బన్‌లో బట్టల ఎగ్జిబిషన్ ఒకటి జరుగుతుంటే మా ఊరి జీన్సువాళ్ళు కొందరు కలిసి స్టాల్ తీసుకున్నారు. వాళ్ళలో జిప్పత్త ఒకరు, ఆమెకు నోరు నేను. బయలుదేరేటప్పుడు అత్తకున్న దిగులు ఒక్కటే. ఆమె ఒక్కగానొక్క కూతురు, నాకు వదిన, నెలలు నిండుతున్న మనిషి. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నొప్పులు మొదలైన రోజే చెప్పుల్లేకుండా మా పేట వెనక గుట్ట ఎక్కి, పైనున్న అమ్మవారికి టెంకాయ కొడతానని అత్త మొక్కుకుంది. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా నెల ఉంది. "నువ్వు పోయి రామ్మా, నువ్వొచ్చేదాకా కననులే" అని వదినే నవ్వుతూ పంపించింది.

ఎగ్జిబిషన్ అయిపోయాక, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ దొరికింది. లిస్బన్ నుంచి రైల్లో పోతే సింట్రా అని ఒక కొండ ఊరు. ఊరి నిండా రాజుల భవంతులు, కొండ అంచున ఒక పాత కోట, దాని పక్క శిఖరం మీద ఎరుపూ పసుపూ రంగుల మహలు. ఆ మహలు ముందు నిలబడి ఫోటో దిగడమే అప్పట్లో నా జీవితానికి పరమార్థం. రైలు దిగగానే అత్త నిలబడిపోయింది. మంచు పొగలో స్టేషన్ బయట ఆటోలు వరసగా ఉన్నాయి, అచ్చం మన ఆటోలే. "ఓయమ్మా, ఆటో! పైకి ఎంతంటాడో అడుగు పాపా" అంది. అడిగాను. వాడు చెప్పిన రేటు విన్నాక ఆమె ఆటో వైపు ఇంకోసారి చూడలేదు. నడుచుకుంటూ ఊరి నడుమ ఉన్న రాజభవనం దగ్గరికి చేరాము. భవనం తెల్లగా, బుద్ధిగా ఉంది. దాని నెత్తి మీద మాత్రం గరాటాలు బోర్లించినట్టు రెండు బ్రహ్మాండమైన గొట్టాలు లేచి నిలబడ్డాయి.

"ఏంది పాపా ఇది, రాజు ఇల్లా, స్టీల్ ఫ్యాక్టరీనా?"

"వంటిల్లు అత్తా. వంటింటి పొగ పోయే గొట్టాలు."

"ఎంత తింటాండెనప్పా వీడు!" అని అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

లోపల ఒక గది కప్పు నిండా పిట్టల బొమ్మలున్నాయి. రాజుగారెవరో పరాయి ఆడదాన్ని ముద్దు పెట్టుకుంటూ రాణికి దొరికిపోయాడట. అంతఃపురం ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారట. రాజుకు కోపమొచ్చి, ఎంతమంది ఆడవాళ్ళున్నారో అన్ని వాగుడు పిట్టలను కప్పు మీద గీయించాడని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ. నేను ఫోన్లో చదివి వినిపిస్తే అత్త తలెత్తి ఆ పిట్టలన్నిటినీ ఒకసారి చూసింది. "తప్పు చేసింది వాడు, బొమ్మలేయించింది ఆడోళ్ళవా?" అని ఎప్పుడో చచ్చిపోయిన ఆ రాజు మీద మండిపడింది. ఇంకో గదిలోకి నడుస్తుండగా మాత్రం, "మన యూనిట్లో ఏయించాలంటే కప్పు సాలదులే" అని తనలో తాను గొణుక్కుంది.

ఆ గొట్టాల కింద, కల్యాణ మండపమంత వంటింట్లో నిలబడి నోరెళ్ళబెట్టి పైకి చూస్తుండగా, ఊరి నుంచి మామ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను. "బిడ్డకు నొప్పులు మొదలైనాయి. ఆస్పత్రికి తీస్కపోతాండాం. నువ్వేం గాబరా పడొద్దు" అన్నాడు, గాబరా పడుతూ. నెల ముందు! అత్త రాజుగారి పొయ్యి గట్టు మీదే కూలబడింది. కూర్చోకూడదని రాసిపెట్టిన పలక ఆమె వెనకే ఉంది, నేను చూసి కూడా చెప్పలేకపోయాను.

"రెండుసార్లూ నేను మిషన్ల కాడనే ఉంటి పాపా. ఆర్డరు ఆర్డరని. బిడ్డ ఆస్పత్రిలో ఏడుస్తాంటే నేను ఆడ జిప్పులు లెక్క పెడతాంటి. ఈసారన్నా గుట్టెక్కుతాననుకుంటి. ఇప్పుడు సూడు, యాడొచ్చి పడినానో."

జిప్పత్త గొంతు అట్లా పలచబడటం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. లోకంలో తెలియని విషయం లేని నేను, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని కిటికీలోంచి బయటకు చూసింది. మంచు పలచబడి, ఊరి నెత్తిన కొండా, కొండ అంచున పళ్ళ వరసలాగా కోట గోడా కనిపించాయి.

"అది గుట్టనే గదా?"

"గుట్టే. కానీ అత్తా, ఇక్కడ మన అమ్మవారు..."

"గుట్ట అన్నాక దేవుడు ల్యాకుండా పోతాడా? సుమ్నే నోరుమూసుకోని ఉండు. టెంకాయ యాడ దొరుకుతాదో ఫోన్లో సూడు."

సందులో ఒక పండ్ల అంగడి దొరికింది. ముసలాయన మహా గౌరవంగా లోపలికి పోయి ఒక టెంకాయ తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. అత్త దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకు ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. పాపం ఆయన తప్పేమీ లేదు. కాయ నున్నగా గీకి ఉంది. కళ్ళ దగ్గర పొట్టి పీచు నాలుగు పోగులు తప్ప పిలక అన్నదే లేదు. పిలక లేని కాయను మన వైపు ఏ గుళ్ళోనూ కొట్టరని ఆయనకు ఏ భాషలో చెప్పను?

"బోడి కాయ! బిడ్డ కాన్పుకు బోడి కాయ మోసుకోని పోదునా పాపా? ఇంకోటి అడుగు."

ఇంకోటీ బోడిదే. దాని నడుముకు సులువుగా పగలడానికని గాడి కూడా పెట్టి ఉంది. అది చూసి అత్త, "కొట్టేది కూడా ఈళ్ళే కొట్టేసి ఇస్తారా?" అని ఏడ్చినంత పని చేసింది. మొదటి కాయనే తీసుకుని బయట మెట్ల మీద కూర్చుంది. అప్పుడు ఆమె చూపు మెల్లగా నా మోకాళ్ళ మీద పడింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. చిరుగుల జీన్సులో మోకాలి దగ్గర అడ్డంగా తెల్ల పోగులు వేలాడుతుంటాయే, అవే దాని అందం, వాటికే నేను డబ్బులిచ్చింది. "అత్తా, వద్దు" అన్నాను. అనేలోగానే పర్రుమని ఒక గుప్పెడు పీకింది. చాలలేదని రెండో గుప్పెడు. తరువాత బొడ్డు సంచిలోంచి సూదీ దారమూ తీసి (సూది లేకుండా ఆమె గడప దాటగా ఎవరూ చూడలేదు), కాయ మీద మిగిలిన ఆ నాలుగు పీచులకు నా జీన్సు పోగులను కుట్టేసింది. తెల్లగా, అక్కడక్కడ నీలంగా, ముసలి పూజారి పిలకలాంటి పిలక లేచింది కాయకు. అంగడి ముసలాయన గుమ్మంలో నిలబడి ఇదంతా రెప్ప వెయ్యకుండా చూశాడు. నా కుడి మోకాలు ఉన్న చోట ఇప్పుడు కిటికీ ఉంది.

అత్త చెప్పులు విడిచి నా చేతికిచ్చింది. పట్టుచీర మీద ఉన్ని కోటు, వట్టి కాళ్ళు, చేతిలో పిలకేసిన టెంకాయ. తడి రాళ్ళ దారిలో ఆమె ముందు, చెప్పులు పట్టుకుని నేను వెనక. ఎదురొచ్చిన వాళ్ళందరూ మా ఫోటోలు తీసుకున్నారు. నేను ఏ ఫోటో కోసం వచ్చానో అది తప్ప తక్కినవన్నీ ఆ రోజు దిగాను. దారి పొడవునా చెట్ల నడుమ పెద్ద పెద్ద గుండ్లు, ఒకదాని మీద ఒకటి. అత్త ఆగి ఒక గుండును తడిమింది. "మన గుండ్లే పాపా! ఈడ సలికి పచ్చ స్వెట్టర్ ఏసుకున్నాయి, అష్టే" అంది. నిజమే, గుండ్ల ఒంటి నిండా పాచి. ఫోన్లో సిగ్నల్ పోయింది. వదిన ముఖమే కళ్ళముందు మెదులుతుంటే నేను ప్రతి మలుపులోనూ ఫోను పైకెత్తి చూశాను. అత్త మటుకు పెదవులు కదుపుకుంటూ ఎక్కుతూనే ఉంది, ఒక్కసారి కూడా కూర్చోలేదు.

కోట గోడ మీదికి చేరేసరికి మంచు కాస్త విడిపోయి, పక్క శిఖరం మీద నా రంగుల మహలు ప్రత్యక్షమైంది, కోట కంటే బాగా ఎత్తున. అత్త కొయ్యబారిపోయింది. మా బళ్ళారి కోట కట్టిన పరాయి దేశపు ఇంజనీరును, పక్క గుట్ట దానికంటే ఎత్తుందని తేలాక నవాబు ఉరి తీయించాడని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

"పక్క గుట్ట ఎత్తుండాదే! ఈ కోట కట్టినోన్ని ఏం చేసినారు? ఉరేసినారా?"

"లేదనుకుంటా అత్తా."

"బతికిపోయినాడు. సరే, దేవుడు యాడుండాడో అడుగు."

కాపలా మనిషి ఒకాయన కనిపిస్తే అడిగాను. ఆయన అత్త పాదాల వైపు, నా మోకాలి వైపు, టెంకాయ పిలక వైపు వరసగా చూసి, కింద ఒక పాత చర్చి ఉందని, ఇప్పుడు మాత్రం అందులో తవ్వకాల్లో దొరికిన కుండలూ ఎముకలూ పెట్టారని చెప్పాడు. "దేవుని బయటికి పంపి ఎముకలు పెట్టుకున్నారా!" అని అత్త చెంపలేసుకుంది. మరుక్షణమే తేరుకుంది. "మన ఊరి కాడి సంగనకల్లు గుట్టలో గూడా కుండలూ ఎముకలూ తీసినారు గదా. ఈడ గూడా పెద్దోళ్ళు బతికి పోయినారు. సాలు, ఇదే గుడి" అని, ఆయన పక్కకు తిరగ్గానే, ఎదురుగా ఉన్న గుండు మీద కాయను ఎత్తి కొట్టింది.

పాచి మందంగా ఉంది. కాయ పగలలేదు. పరుపు మీద పడ్డట్టు ఎగిరి, మెట్ల మీద పడి, పిలక ఊపుకుంటూ కిందికి దొర్లింది. జనం గోడకు అంటుకుపోయి దారిచ్చారు. కాపలా మనిషి పరిగెత్తాడు. ఆయన వెనక "పట్టు నాయనా, పట్టు!" అని అత్త, అత్త వెనక చెప్పులతో నేను. కింది మలుపులో ఆయన కాయను రెండు చేతులతో ఒడిసిపట్టుకుని, ఆ పిలక చూసి మ్రాన్పడిపోయాడు. ఇక్కడ రాళ్ళ మీద ఏదీ పగలగొట్టకూడదన్నాడు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను గానీ, భయంలో నా ఇంగ్లీషు తెలుగూ కన్నడమూ అయిపోయింది. అత్త నన్ను పక్కకు నెట్టి, కడుపు మీద చెయ్యి పెట్టి చూపించి, దూరంగా తూర్పు వైపు చూపించి, "నా బిడ్డప్పా... రెండు పోయినాయి... ఇది నిలవాల" అని చేతులు జోడించింది. ఆయన అటూ ఇటూ చూశాడు. కాయను అత్త చేతిలో పెట్టి, గేటు దాటించి, రోడ్డు పక్కన పాచి లేని ఒక వట్టి బండ చూపించాడు. అక్కడ కోట చట్టం వర్తించదని కాబోలు. అత్త మా గుట్ట ఉన్న దిక్కుకు తిరిగి కొట్టింది. ఒక్క దెబ్బకు రెండు చిప్పలు, లోపల తెల్లగా, మచ్చ లేకుండా. డ్యూటీలో ఉన్నానన్నా వినకుండా ఆయన నోట్లో ఒక ముక్క పెట్టింది.

ఊళ్ళోకి దిగాక ఫోన్ మోగింది. మామ అరుస్తున్నాడు. "ఆడపిల్ల! ఇద్దరూ బాగుండారు! ఎంతసేపట్నించి చేస్తాంటే నీ ఫోన్ కలవకపాయె!" పుట్టిన టైము చెప్పాడు. నేను ఫోన్లో ఇక్కడి టైముకు మార్చి చూసి నిర్ఘాంతపోయాను. ఊరుకుంటే నేనెట్లా అవుతాను?

"అత్తా, మనం ఇంకా సగం దారిలో ఉన్నప్పుడే పుట్టేసింది. కాయ కొట్టనే లేదు!"

జిప్పత్త నా వైపు జాలిగా చూసింది. "ఎక్కుతాండేది అమ్మవారు సూసినాది గదా పాపా, సాలు. కాయ కోసరం కాసుక్కూర్చునే మనిషా మాయమ్మ?" అంది. అనేసి, ఆ రాజభవనం ఎదురుగా నడిబజార్లో కూర్చుని, అంతసేపు ఆపుకున్నదంతా ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. రంగుల మహలు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఊరికొచ్చాక అత్త మా గుట్ట కూడా ఎక్కింది, నిండు పిలకున్న కాయతో. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. మొన్న నా బీరువా సర్దుతుంటే ఆ జీన్సు బయటకు లాగి, మోకాలి రంధ్రంలో తల దూర్చి, "అత్తా, దీన్ని ఎవరు సింపినారు?" అని అడిగింది. "మీ అవ్వ, నీ కోసం" అన్నాను. పక్క గదిలోంచి జిప్పత్త గొంతు వినబడింది. "అబద్ధం! మీ అత్తనే దుడ్డిచ్చి సింపించుకున్నాది. నేను రెండు పోగులు పీకినా, అంతే!"

ఎవరైనా సింట్రా మహలు ఎట్లా ఉంటుందని అడిగితే, దూరం నుంచి బాగుంటుందని చెబుతాను. ఒక చేతిలో అత్త చెప్పులు, ఇంకో చేతిలో సిగ్నల్ లేని ఫోను పట్టుకుని, మోకాలికి చలేస్తుంటే ఆమె వెనకే ఎక్కుతున్న ఆ అన్నీ తెలిసిన పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది నాకు. ఇప్పుడు పొద్దున తలుపు తీసినప్పుడు, ఎదురుగా ఉన్న మా బండల గుట్ట వైపు ఒకసారి తలెత్తి చూస్తున్నాను.