ఈరప్ప నిర్ఘాంతపోని రోజు

ఆ మంగళవారం పొద్దున పదకొండు కాకముందే ఎమ్మిగనూరు పిల్లల క్లినిక్‌లో కంప్యూటర్ ఆపరేటర్ ఈరప్ప మూడుసార్లు నిర్ఘాంతపోయాడు. మొదటిసారి, ఆదోని బస్సు వేళకు వచ్చిందని. రెండోసారి, టీలో చక్కెర సరిగ్గా ఉందని. మూడోసారి ఎందుకో ఎవరూ అడగలేదు. ఈరప్పను కారణం అడగడం అక్కడ ఎప్పుడో మానుకున్నారు.

యాభై దాటినా లోకంలో ఒక్క విషయమూ ఆయనకు పాతబడలేదు. నిర్ఘాంతపోవడానికి ఆయనకొక వరుస ఉంది. ముందు కళ్లజోడు తీస్తాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, "ఏందప్పా ఇది" అని ఎదురుగా ఉన్న గోడను అడుగుతాడు. గోడ బదులు చెప్పదు కనుక, నీళ్లలోకి దిగే బర్రెలాగా కుర్చీలోకి మెల్లగా జారిపోతాడు.

పత్తికొండలో టమేటా ధర పెరిగిందంటే జారతాడు, పడిందన్నా జారతాడు. నిన్నటి ధరే ఇవాళా ఉందంటే మరీ జారతాడు. మేనమామ తొంభై ఆరేళ్లకు పోతే "ఇంత తొందరగానా" అని అరుగు మీద కూలబడ్డాడు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు శవాన్ని వదిలేసి ఈయనకు విసరాల్సి వచ్చింది. పెళ్లిచూపులనాడు తనను చూసి కూలబడితే, అందానికే పడిపోయాడని భార్య జయమ్మ పెళ్లికి ఒప్పుకుంది. ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టినా అట్లాగే పడతాడని ఆమెకు తర్వాత తెలిసింది.

ఈరప్పంటే బొత్తిగా పడనిది నర్సు భారతికి. డాక్టర్ సుధ నడిపే ఆ క్లినిక్ వారంలో మూడు రోజులు ఆదోనిలో, రెండు రోజులు ఎమ్మిగనూరులో. డాక్టరూ నర్సూ రెండు చోట్లా వాళ్లే. ఈరప్ప మాత్రం ఎమ్మిగనూరు దాటడు. ఆదోనిలో వివరాలు ఎక్కించే పని భారతిదే.

భారతి సూది వేస్తే పిల్లలకు నొప్పి తెలియదని పేరు. నోటి సంగతి వేరు. టీకా గడువు దాటి వచ్చిన తల్లి కనబడితే చాలు, "ఈ పిల్ల నీదేనా, పక్కింటోళ్లదా?" అని మొదలుపెట్టి, కార్డు గడ్డివాములో దాచినావా, సూదికి తీరిక లేనిదానివి కనడానికి తీరిక యాడిది అని సాగదీసేది. కోపం పిల్లల మంచికే. అది తల్లులకు తెలిసే వీలుండేది కాదు.

ఎమ్మిగనూరులో మాత్రం ఆ సాగదీత ఒక్కనాడూ పూర్తి కాలేదు. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ దగ్గర ఈరప్ప కళ్లజోడు తీసేవాడు. భారతి నీళ్లకోసం పరుగెత్తేది. తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు. విసుగ్గా సూది వేసి పంపేది. ఈ మనిషి నా ప్రాణానికి వచ్చినాడని డాక్టరుతో ఎన్నోసార్లు మొరపెట్టుకుంది.

ఆ ఏడు డాక్టర్ సుధ కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించింది. అంతకుముందు భారతి లెక్క సులువు: వచ్చిన పిల్లల్లో ఎంతమందికి టీకా వేశాం? అందరికీ. కాబట్టి నూటికి నూరు. కొత్తది అట్లా అడగదు. పేరు నమోదైన ప్రతి పిల్లనూ లెక్కలోకి తీసుకుని, ఈ వయసుకు పడవలసినవన్నీ పడ్డాయా అని చూస్తుంది. మధ్యలో రావడం మానేసిన పిల్లల్ని కూడా వదలదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆ లెక్క తెర మీద పడింది. ఎమ్మిగనూరు తొంభై ఒకటి. ఆదోని యాభై ఎనిమిది.

భారతి చేతిలోని ట్రే బల్ల మీద పెట్టేసి, తెర దగ్గరికి వచ్చి ఆ అంకెలు మళ్లీ చదివింది. డాక్టరూ అదే, నర్సూ అదే, మందూ అదే. ఆదోనిలో నూటికి నలభై రెండు మంది ఎక్కడికి పోయారు? డాక్టర్ సుధ గోడ మీది క్యాలెండర్ చూసింది. ఇంకో వారంలో సుగ్గి వలసలు మొదలు. ఊళ్లకు ఊళ్లు పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు లారీలెక్కుతాయి. చేలగట్ల మీద టార్పాలిన్ పట్టల కింద కిక్కిరిసి పడుకునే చోట ఒక పిల్లకు తట్టు పోసిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

అప్పుడు భారతి ఈరప్ప వైపు చూసింది. ఆయన కళ్లజోడు ముక్కు మీదే ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తాపీగా టీ తాగుతున్నాడు. యాభై ఎనిమిది కన్నా భారతిని హడలగొట్టింది అదే.

అంతలో, మనవరాలికి సూది వేయించుకున్న జమ్రుద్‌బీ అనే ముసలామె ఆదోని బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

"నీది ఆదోనా?" అంది భారతి. "ఆడ మన క్లినిక్కు ఉండంగా ఈడిదాకా ఎందుకొచ్చినావు పెద్దమ్మా?"

"ఆడ నువ్వు తిడతావు నర్సమ్మా."

"ఈడా నేనే గదా ఉండేది."

"ఈడ ఈరప్ప ఉండాడు గదమ్మా. నువ్వు నోరు తెరిసేలోపల ఆయప్ప పడతాడు. ఆయప్ప లేసేలోపల మా సూది అయిపోతాది." జమ్రుద్‌బీ దాపరికమేమీ లేకుండా చెప్పింది. "మా గల్లీలో శానామంది ఈడికే వస్తారు. చార్జీలున్నోళ్లు వస్తారు. లేనోళ్లు సూదే మానుకున్నారు."

భారతి దగ్గరున్న కుర్చీలో కూలబడింది. ఈసారి నీళ్లు తెచ్చింది ఈరప్ప.

ముసలామె వెళ్లింది. భారతి ఈరప్ప వైపు తిరిగింది.

"అంటే ఇన్నేండ్లూ నాటకమా అన్నా?"

ఈరప్ప ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఆయనకు ఇష్టం లేదు.

"అంతా గాదులేమ్మా. టమేటా ధర నిజమే."

"నాకు ఒగ మాట సెప్పకూడదా?"

"సెప్తే నన్నూ తిట్టేదానివి. మళ్లా నేనూ రాకుండా పోయుంటే?"

డాక్టర్ సుధ నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. సుగ్గి లారీలన్నీ పోయేదాకా ఈరప్పను ఆదోనిలో కూడా కూర్చోబెట్టాలని ఆ సాయంత్రమే నిర్ణయించింది. ఆ కబురు చెవిన పడ్డ జమ్రుద్‌బీ చేరవేసినంత వేగంగా ఏ మైకూ చేరవేయలేదు. సోమవారం పొద్దున ఆదోని క్లినిక్ మెట్ల మీద చెప్పులు పెట్టే జాగా లేదు.

మధ్యాహ్నానికి ఆస్పరి నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. చంకలో ఏడాది దాటిన పిల్లవాడు. తొమ్మిదో నెలలో వేయించాల్సిన తట్టు టీకా పడలేదు. కార్డు వానకు నాని ముద్దయింది. ఆమె గడప దగ్గరే ఆగి, ముందు ఈరప్ప ఎక్కడున్నాడో చూసుకుంది.

భారతి నోరు తెరిచింది. ఆమె చూపు కూడా ఈరప్ప మీదికే పోయింది. ఆయన తల దించుకుని టైపు చేస్తున్నాడు. ఎత్తే ఉద్దేశం ఉన్నట్టు లేదు. తెరిచిన నోటిని ఏం చేయాలో భారతికి కాసేపు తోచలేదు.

"లారీ ఎప్పుడమ్మా?" అంది చివరికి.

"రేపు తెల్లారుజామున పోతాండాము మేడం."

"అయితే ఇట్లా కూసో. చెయ్యి గట్టిగా పట్టుకో."

సూది పడింది. పిల్లవాడు ఏడవాలా వద్దా అని తల్లి ముఖం చూశాడు. వారం పది దినాలకు జ్వరం వస్తే రావచ్చు, భయపడొద్దని భారతి చెప్పింది. కొత్త కార్డు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చి, గుంటూరులో యాడ చూపిచ్చినా రెండోది వేస్తారని చెప్పింది.

లావణ్య లేవలేదు. పిల్లవాణ్ని చంకనేసుకుని ఇంకా కాచుకునే ఉంది.

"ఇంగేమన్నా అంటారా మేడం?"

"ఏమీ అనను. పోయిరాపో."

చివరి లారీ కదిలే నాటికి ఆదోని లెక్క డెబ్బై నాలుగు.