పటాకికి హాస్టల్ సీటు

కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటిసారి ఇల్లు విడిచి వచ్చినవాళ్ళకు ఒక భ్రమ ఉంటుంది. మనం లేక ఇల్లు చిన్నబోయిందనీ, వాకిలి బోసిపోయిందనీ, కుక్కతో సహా అందరూ మన దారి చూస్తున్నారనీ. తెలంగాణ వచ్చిన కొత్తల్లో, జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో గోలీల డబ్బాలకు మూతలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే పనిలో చేరిన నాకు ఆ భ్రమ కాస్త ఎక్కువగానే ఉండేది. మా ఇంట్లో నా మీద బెంగపెట్టుకోవడానికి కుక్క లేదు గానీ, గుర్రం ఉండేది.

మాది అచ్చంపేట అవతల, అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. గొర్ల మంద మీద బతికే ఇల్లు. అటువంటి ఇంట్లోకి గుర్రం ఎట్లా వచ్చిందంటే, పెళ్ళి బరాత్‌లకు గుర్రాలను కిరాయికిచ్చే ఒకాయన దగ్గర ఒక ఎర్రటి ఆడగుర్రం ఉండేదట. టపాకాయ పేలితే చాలు, పైన కూర్చున్న పెండ్లికొడుకుతో సహా పరుగందుకునేదట. ఒక పెండ్లికొడుకునైతే ఏకంగా పక్క ఊరి పొలిమేర దాకా మోసుకుపోయి, ముహూర్తం దాటాక తెచ్చి అప్పజెప్పిందట. ఆయన విసిగిపోయి వదిలించుకుంటుంటే, మంద వెంట సామాన్లు మోయడానికి పనికొస్తుందని మా బాపు తోలుకొచ్చాడు. 'పటాకి' అని పేరు పెట్టింది నేనే. వచ్చిన రోజు నుంచీ దాని దాణా, నీళ్ళు, మాలీసు అన్నీ నావే. డిగ్రీ పరీక్షలకు కూడా దాని పక్కన కూర్చునే చదివాను. (నా మార్కులు చూసి మా అవ్వ, "గుర్రం రాసినా ఇంతకన్న మంచిగ రాస్తుండె" అన్నది.)

నేను ఉద్యోగానికి వచ్చిన వారంలోనే బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, పటాకి మేత ముడ్తలేదే. ఉలవలు పెట్టినా మూతి తిప్పుకుంటాంది. చిన్నాయన మందను కృష్ణ ఒడ్డుకు తోల్కపోయిండు. సామాన్లకు ఈసారి ట్రాలీ మాట్లాడిండు గాబట్టి దీన్ని ఇంటికాడనే ఇడిశిపోయిండు. ఏం రోగమో ఏమో సమజైతలేదు."

నాకు మాత్రం వెంటనే సమజైంది. నేను లేను కదా! కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, లోపల్లోపల కొంచెం గర్వపడుతూ, "బాపూ, దానికి రోగం లేదు. నన్ను యాది చేసుకుంటాంది" అన్నాను. మంద వెళ్ళిపోయిన సంగతి ఆయన చెప్పాడు, నేను విన్నాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆ వయసులో నాకు తట్టలేదంతే.

సరిగ్గా అప్పుడే కంపెనీ బస్సు కిటికీలోంచి ఒక బోర్డు కనబడింది. పట్నంవాళ్ళ గుర్రాలను ఉంచుకుని మేపే కొత్త గుర్రపుశాల అది. ఆదివారాలు వాళ్ళు వచ్చి సవారీ చేసి పోతారు, మిగతా రోజులు గుర్రాలకు తిండీ నిద్రా అక్కడే. దాన్ని నడిపే ఆయనను అందరూ 'కెప్టెన్ సార్' అనేవారు. తెల్లటి మీసాలు, చంకలో ఒక చిన్న కర్ర. మిలిటరీలో కెప్టెనా, వాలీబాల్‌లో కెప్టెనా అని ఎవరూ అడగలేదు. డ్యూటీ లేనప్పుడు నేను వచ్చి అక్కడి గుర్రాల పని చేస్తాననీ, బదులుగా నా గుర్రాన్ని ఉంచుకోమనీ అడిగితే, ఆయన నన్ను పైనుంచి కిందకు చూసి, "ఇక్కడ డిసిప్లిన్ ముఖ్యం అమ్మాయ్. గుర్రానికైనా, మనిషికైనా" అన్నాడు. ఒప్పుకున్నాడన్నమాట. ఆ సాయంత్రం నా కాళ్ళు నేల మీద లేవు. రూమ్మేట్‌ను పట్టుకుని గిరగిరా తిప్పితే ఆ పిల్ల, "నీకేమన్న పెండ్లి కుదిరిందా?" అని అడిగింది.

సెలవు పెట్టి ఊరికి పోయాను. చూస్తే పటాకి గడ్డి కరకరా నములుతోంది. నేను వస్తున్నట్టు దానికి ముందే తెలిసిపోయిందని వాడంతా చెప్పాను. (ముందురోజే చిన్నాయన కృష్ణ ఒడ్డు నుంచి సర్పంచ్‌ను తెచ్చి పటాకి పక్కన కట్టేసి పోయాడు. సర్పంచ్ అంటే మా మందలో ముందు నడిచే పొట్టేలు. ఎప్పుడూ ముందు నడవడం, ఎవరు పిలిచినా పలకకపోవడం చూసి ఊరివాళ్ళు పెట్టిన పేరు.) అంతకుముందొకసారి చిన్నాయన జ్వరమొచ్చి దవాఖానలో పడ్డప్పుడు, లేచి తిరిగితే సర్పంచ్‌ను నీకిస్తానని అవ్వ ఎల్లమ్మకు మొక్కుకుంది. వచ్చే ఆదివారమే సర్పంచ్‌ను బలిచ్చే పండుగ.

"గుర్రానికి హాస్టలా?" అని ఊరంతా చూడవచ్చింది. "మనుమరాలు పట్నంల హాస్టల్ సీటు కోసం ఏడ్శి ఏడ్శి వచ్చింది, రాలే. గుర్రానికి ఏడ్వకుండనే వచ్చింది" అని అవ్వ అందరికీ చెబుతోంది. ట్రాలీ తెచ్చింది హారన్ మామ. మాకు వరసకు మామ. రోడ్డు మీద ఎవరూ లేకపోయినా హారన్ కొట్టడం ఆయన అలవాటు. బండి వెనక తలుపు, అదే డాలా, దించి, పలకలు వాల్చి, లోపల మెత్తగా గడ్డి పరిచాం. పటాకి పలకల దాకా వచ్చి ఆగింది. నేను లోపల నిలబడి బెల్లం చూపించాను. పాటలాంటిదేదో పాడాను. బాపు వెనక నుంచి నెట్టాడు. ఒకరు కళ్ళకు గంతలు కట్టమన్నారు, ఒకరు తోక మెలితిప్పమన్నారు. మామ ఉత్సాహం కొద్దీ హారన్ కొట్టాడు. పటాకి నాలుగు అడుగులు వెనక్కి వేసి బాపును పేడకుప్ప మీద కూర్చోబెట్టింది.

ఈ గోలలో గుంజకు కట్టిన తాడు ఎప్పుడు ఊడిందో, సర్పంచ్ తీరిగ్గా జనం మధ్య నుంచి నడిచొచ్చి, పలకలెక్కి, ట్రాలీలో నా పక్కన నిలబడి గడ్డి మేయడం మొదలుపెట్టాడు. పటాకి ఒక్కసారి తలెత్తి చూసింది. టకటకా పలకలెక్కి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"చూసిన్రా! నేను పిలుస్తే ఎట్లెక్కిందో!" అని నేను అరిచాను.

"ఎట్లయితేనేం, ఎక్కింది గద" అని బాపు పంచె దులుపుకున్నాడు. "దించితే మళ్ళ లొల్లి. సర్పంచ్‌ను గూడ తీస్కపోండ్రి. మాపటికి మామ వాపస్ తెస్తడు."

"పైలం బిడ్డా, ఎల్లమ్మ సొమ్ము" అంది అవ్వ.

బయలుదేరేముందు కెప్టెన్ సార్‌కు ఫోన్ చేసి, "వస్తున్నం సార్. మావెంట సర్పంచ్ గూడ వస్తున్నడు" అని చెప్పాను. ఆ మాట ఎంత పని చేస్తుందో నాకప్పుడు తెలియదు. దారి పొడుగునా నేను వెనక ట్రాలీలోనే, పటాకి మెడ మీద చెయ్యేసి నిలబడ్డాను. కల్వకుర్తిలో బస్టాండు దగ్గర జనం చేతులూపితే నేనూ ఊపాను. గాలికి దాని జూలూ నా జుట్టూ కలిసి ఎగురుతుంటే, ఈ లోకంలో నాకంటే అదృష్టవంతురాలు ఎవరని అనిపించింది.

గుర్రపుశాల గేటు దగ్గర కెప్టెన్ సార్ ఇస్త్రీ చొక్కాతో, చేతిలో శాలువాతో, పక్కన పూలదండ పట్టుకున్న వాచ్‌మన్‌తో నిలబడి ఉన్నాడు. ట్రాలీ ఆగగానే ముందు సీటు వైపు నడిచి, లుంగీ కట్టుకున్న హారన్ మామను చూసి కాస్త తటపటాయించి, "సర్పంచ్ గారు?" అన్నాడు.

"వెనకున్నడు సార్. మేస్తున్నడు" అన్నాడు మామ.

డాలా దించగానే సర్పంచ్ దర్జాగా దిగి, పూలదండ దాకా నడిచి, బంతిపూలు తినేశాడు. (వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకు పోయాడు.) కెప్టెన్ సార్ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, గేటు పక్కన ఉన్న రూల్సు బోర్డును కర్రతో చూపించాడు. "గుర్రాలకు మాత్రమే. పొట్టేలు వెంటనే వెళ్ళిపోవాలి."

ఎట్లాగూ పోవలసిందే కనుక నేనేమీ అనలేదు. పటాకిని కొత్త కొట్టంలోకి తీసుకుపోయాను. శుభ్రమైన ఇసుక, సిమెంటు తొట్టి, పైన ఫ్యాను. మా ఇంట్లో కూడా అంత మంచి ఫ్యాను లేదు. దాని చెవిలో, "ఇగ మనిద్దరం ఒక్క కాడనే" అన్నాను. బయట మామ సర్పంచ్‌ను ఎక్కించుకుని, పోతున్నట్టు తెలిసేలా గట్టిగా హారన్ కొట్టి బయలుదేరాడు.

పటాకి చెవులు నిక్కించింది. ఒక్క సకిలింపు సకిలించి నన్ను భుజంతో పక్కకు తోసి, కొట్టం అడ్డకర్ర మీదుగా ఎగిరింది. పుట్టి బుద్ధెరిగి అది కాలువ కూడా దూకింది లేదు. ఆవరణ దాటి, గేటు దాటి, రోడ్డెక్కింది.

"ఇట్లాంటప్పుడే ప్రశాంతంగా ఉండాలి!" అని కెప్టెన్ సార్ ఊరు దద్దరిల్లేలా అరిచి, స్కూటర్ తీశాడు. నేను వెనక ఎక్కాను. ముందు ట్రాలీ, దాని వెనక గుర్రం, గుర్రం వెనక మేము. మామ అద్దంలో చూసి, ఎర్రటి గుర్రం పళ్ళు బయటపెట్టి తన మీదికే వస్తోందనుకుని బండిని ఇంకా ఉరికించాడు. (హారన్ విషయంలో ఏదో పగబట్టిందనుకున్నాడట.) ఫోన్ చేస్తే ఎత్తడు. హారన్ మోతలో వినపడితే కదా! ఎదురొచ్చే బండ్లు పక్కకు జరిగాయి. లారీ ఏదైనా అడ్డమొస్తే ఏమవుతుందోనని భయమేసింది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను, ఒక్క ఎల్లమ్మను తప్ప. ఆమె పొట్టేలు విషయంలోనే కదా ఇంత గొడవ.

అదృష్టం బాగుండి రైల్వే గేటు పడింది. ట్రాలీ ఆగింది. పటాకి వెళ్ళి మెడ చాచి సర్పంచ్ వీపు మీద గడ్డం ఆనించి నిలబడింది. సర్పంచ్ నెమరు ఆపలేదు. నేను స్కూటర్ దిగి, చేతులు రెండూ చాచి, "పటాకీ! నేనొచ్చిన్నే!" అని ఏడుపు గొంతుతో పిలిచాను. అది చెవి కూడా ఆడించలేదు. మళ్ళీ పిలిచాను. పక్కన ఆగిన బస్సు కిటికీలోంచి ఒక పెద్దమ్మ తల బయటపెట్టి, "బిడ్డా, గా గుర్రం నీదా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే ఆమె వెనక సీటతను, "కాదమ్మా, గా పొట్టేలుది" అన్నాడు.

బస్సు బస్సంతా నవ్వింది. అప్పుడు గానీ బాపు చెప్పిన మంద సంగతి నా బుర్రకెక్కలేదు. రైలు పోయి గేటు లేచేదాకా నేను రోడ్డు మధ్యలో అట్లాగే నిలబడిపోయాను.

ఇద్దరినీ నడిపించుకుని వెనక్కి వచ్చాం. "ఒక్క రాత్రికే" అన్నాడు కెప్టెన్ సార్. మామ నోట సంగతి విని, తెల్లవారి మొదటి బస్సుకే అవ్వా బాపూ దిగారు. అవ్వ చేతిలో పసుపు నీళ్ళ చెంబు, వేపమండ. మా వైపు ఒక పద్ధతి ఉంది. మొక్కిన జీవం మీద పసుపు నీళ్ళు చల్లితే అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఇక దానికి తిరుగులేదు. సర్పంచ్ పోతే పటాకి మళ్ళీ మేత మానేస్తుంది. ఈసారి దానికి తినిపించే ఉపాయం నా దగ్గర లేదు. "అవ్వా..." అన్నాను.

"నువ్వు నోరు మూస్కో. ఎల్లమ్మనే చెప్పనియ్యి" అంది అవ్వ.

వేపమండతో ఒకసారి చల్లింది. సర్పంచ్ రాయిలా నిలబడ్డాడు. మళ్ళీ చల్లింది. కదల్లేదు. చెంబు ఖాళీ అయ్యేలా మూడోసారి చల్లింది. సగం నీళ్ళు పక్కనున్న పటాకి మీద పడ్డాయి. పటాకి మెడ నుంచి తోక దాకా ఒళ్ళంతా జలజలా విదిలించి, కెప్టెన్ సార్ తెల్ల చొక్కాను పసుపు చుక్కలతో నింపేసింది.

బాపు మెల్లగా, "అవ్వా, ఇప్పుడు ఎల్లమ్మ గుర్రాన్ని అడిగినట్టా?" అన్నాడు. నేను పటాకి మెడను రెండు చేతులతో పట్టుకున్నాను.

"గుర్రాన్ని ఎవడు మొక్కిండురా?" అని అవ్వ కసిరింది. "పొట్టేలు ఇదిలియ్యలే. ఎల్లమ్మ వద్దన్నది. వద్దన్నదాన్ని ముట్టొద్దు."

"మరి మొక్కు?"

"కోడిపుంజుతోటి సముదాయిస్త. ఆమె నాకు కొత్తనా?" అని, కెప్టెన్ సార్ వైపు తిరిగి, "సారూ, మా సర్పంచ్ ఇగ మీ కాడనే ఉంటడు. జర మంచిగ చూస్కో. అంగి నాకియ్యి, ఉతికి పిండియిస్త" అంది. ఆయన చొక్కా విప్పి ఇచ్చేశాడు. ఆ ముసల్దాని ముందు డిసిప్లిన్ అనే మాట ఆయన నోట్లోంచి రాలేదు.

బస్టాపులో అవ్వను అడిగాను, ఎల్లమ్మకు నిజంగానే కోపం రాదా అని. అవ్వ ఇటూ అటూ చూసి, బాపు దూరంగా ఉన్నాడని చూసుకుని, "చెవుల నీళ్ళు పడితేనే జీవం ఇదిలిస్తదే పిచ్చిదానా. నేను పడనిచ్చిన్నా?" అని బస్సెక్కేసింది.

ఆ తర్వాత సర్పంచ్ అక్కడ చాలా ఏళ్ళు దొరలా బతికాడు. ఆదివారం వచ్చే పట్నం పిల్లలు గుర్రాల కంటే ఆయనతోనే ఎక్కువ ఫోటోలు దిగేవారు. నాకు పెళ్ళయి, నార్కట్‌పల్లి వచ్చి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. మొన్నటి వానాకాలంలో కెప్టెన్ సార్ ఫోన్ చేశాడు. సర్పంచ్ ముసలితనంతో పోయాడు, పటాకి మేత ముట్టడం లేదు, ఒకసారి వస్తావా అమ్మాయ్ అని. పోయాను. నేను పోయి చేసేదేమీ లేదని తెలిసే పోయాను. ఆయన అప్పటికే ఒక గొర్రెపిల్లను తెచ్చి కొట్టంలో విడిచాడు. అదింకా భయంతో మూల నక్కి ఉంది. నేను గడ్డి మీద ఊరికే కూర్చున్నాను. పిలవలేదు, పాడలేదు. చాలాసేపటికి పటాకి వచ్చి, నా భుజం మీద గడ్డం ఆనించి, నా చేతిలోని ఉలవలు మెల్లగా అందుకుంది. అది నా కోసమేనని నేను అనుకోలేదు.

(కొంచెం అనుకున్నాను.)