పంతొమ్మిది మందికి ఒకటే పాస్‌వర్డ్

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో నేను జగిత్యాలలో ఒక రక్త పరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. సిరిసిల్లలో మాకు ఇంకో కేంద్రం ఉండేది. రెండూ కలిపి ముప్పై ఒక్క మందిమి. అందరి పేర్లూ పాస్‌వర్డ్‌లూ నా కుర్చీ పక్కనున్న ఒక్క సర్వర్‌లోనే ఉండేవి. పొద్దున పేరూ పాస్‌వర్డూ కొడితే అది ఔననాలి, అప్పుడే హాజరు పడుతుంది. కాంట్రాక్టు వాళ్లకైతే వరుసగా ఏడు రోజులు హాజరు లేకపోతే ఉద్యోగం పోయినట్టే. ఆ రూలు నాది కాదు. మిగతావి చాలావరకు నావే.

బస్సులు బందై రెండు వారాలు దాటాక హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. ఏదో పెద్ద ఆస్పత్రి మాతో కలిసి పనిచేయాలనుకుంటోందట, ముందు మా లాగిన్‌లు ఎంత భద్రంగా ఉన్నాయో చూడాలందట.

"వారంలో రిపోర్ట్ కావాలి. ఎవరెవరు అజాగ్రత్తగా ఉన్నారో పేర్లతో సహా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ దగ్గర ధర్నాలకు ఎవరెవరు పోతున్నారు?" అని అడిగాడు. ఇది అడగడం రెండోసారి.

నేను పిరికివాణ్ణి. మేనేజర్ ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే రకం. ఇది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కొంచెం సులువు.

ఆ మధ్యాహ్నం డేటాబేస్‌ను ఒక్కో ప్రశ్నే అడుగుతూ కూచున్నాను. పాస్‌వర్డ్‌లకు గడువుందా? ఎవరికీ లేదు. ఎన్నిసార్లు తప్పు కొడితే తాళం పడుతుంది? ఆ గడిలో సున్నా ఉంది, అంటే జన్మంతా కొడుతూ కూచోవచ్చు. మానేసిన వాళ్ల పేర్లు మూశామా? ఎప్పుడో దుబాయికి పోయిన డ్రైవర్ పేరు ఇంకా తెరిచే ఉంది. ఇవన్నీ నా నిర్వాకాలే. వాటిని వెతికే పనీ నాకే ఇచ్చారు, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటుంటే చివరి ప్రశ్న గబగబా కొట్టాను. ఒకే పాస్‌వర్డ్ ఇద్దరు ముగ్గురికి ఉందా?

సర్వర్‌లో పాస్‌వర్డ్ పాస్‌వర్డ్‌లా కనబడదు. దాన్ని నూరి పొడి చేసినట్టు ఏవో అక్షరాల వరుస కనబడుతుంది. మా పాత సర్వర్‌లో మాత్రం ఒకే సరుకు నూరితే ఎప్పుడూ ఒకే పొడి వచ్చేది. పంతొమ్మిది మంది పొడి ఒక్కటే అని జవాబొచ్చింది. అసలు మాటేమిటో ఊహించే పని లేదు, ఆ పంతొమ్మిదిలో నాదీ ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, జై తెలంగాణ. ఎవరికి వాళ్లం పరమ రహస్యంగా పెట్టుకున్నాం అనుకున్నాం.

ముందు నవ్వొచ్చింది. తర్వాత మేనేజర్ ప్రశ్న గుర్తొచ్చింది. ఈ జాబితా పోతే అది అజాగ్రత్తగా ఉన్నవాళ్ల జాబితా కాదు, మేనేజర్ రెండుసార్లు అడిగిన జాబితా. అందుకని రిపోర్ట్ రాయకముందే అందరి పాస్‌వర్డ్‌లూ చెరిపేసి కొత్తవి పెట్టాను. పనిలో పనిగా మూడుసార్లు తప్పు కొడితే తాళం పడేట్టు పెట్టాను. తాళం తీయాలంటే మనిషి గుర్తింపు కార్డు పట్టుకుని జగిత్యాల రావాలి, నేను మొహం చూడాలి అని రాసి సంతకం కూడా పెట్టాను. అందరినీ కాపాడానన్న ధీమాతో ఆ పూట రెండు చాయ్‌లు తాగాను.

మర్నాడు పొద్దున సిరిసిల్లకు ఫోన్ చేసి ఒక్కొక్కరినే పిలిపించుకుని, ఎవరి కొత్త పాస్‌వర్డ్ వాళ్ల చెవినే వేశాను. కాంట్రాక్టు మీద కౌంటర్‌లో కూచునే అమ్మాయి ఒక్కతే రాలేదు.

"గిప్పుడే బయటికి వొయింది, అచ్చినంక ఫోన్ చేపిస్త" అన్నాడు అక్కడి ముసలి టెక్నీషియన్. ఆయన గొంతులో తడబాటు నాకు వినిపించింది. అయినా పట్టించుకోలేదు.

పది నిమిషాలకు ఆమె పేరు మీద తాళం పడింది. మధ్యాహ్నం ఆమె ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను కోరుట్లల ఉన్న. అమ్మకు జరమస్తె రెండు వారాల కిందనే ఇంటికచ్చిన, తెల్లారి నుంచే బస్సులు బందైనయ్. టెక్నీషియన్ కాకనే రోజు నా పేరు కొడుతుండె. గియ్యాల మూడుసార్లు పాతదే కొట్టిండట."

"నువ్వు లేకుంట నీ పేరు కొట్టుడేంది చెల్లె?"

"తప్పే అన్నా. బస్సు నడిస్తే పోకపోదునా? ఇల్లు నా జీతం మీదనే నడుస్తది. జర తాళం తీయన్నా."

తీయడానికి సర్వర్‌లో ఒక్క వరుస రాస్తే చాలు. కానీ ఎవరి తాళం ఎవరు తీశారో కూడా సర్వర్ రాసి పెట్టుకుంటుంది. రిపోర్ట్‌తో పాటు ఆ చిట్టా కూడా మేనేజర్ అడిగాడు. అందులో నా పేరు పడితే, ఎందుకు తీశావంటాడు. అక్కడినుంచి పంతొమ్మిది దాకా పోతుందని భయం. ఇలా పంతొమ్మిది మందిని అడ్డం పెట్టుకున్నాను గానీ, భయం ఒక్కడి గురించే.

"కార్డు వట్టుకొని రావాలె చెల్లె. రూలు" అన్నాను.

"ఎట్ల రావాలన్నా? దారిల మేడిపల్లి కాడ రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి వంటలు చేస్తున్రు. ఆటో గూడ వోనిస్తలేరు."

ఆ తర్వాత ఆమె మళ్లీ ఫోన్ చేయలేదు. అదే నన్ను ఎక్కువ తినేసింది. రోజూ వచ్చి కూచోగానే ఆమె వరుస చూసేవాణ్ణి. హాజరు లేని రోజులు మూడు, నాలుగు, ఐదు. ఆరో రోజు తాళం తీసే వరుస మొత్తం కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే చెరిపేశాను. బయట ర్యాలీ పోతోంది. అందరూ నా పాత పాస్‌వర్డే అరుస్తున్నారు. నేను కిటికీ మూసుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున మేనేజర్ మెయిల్ వచ్చింది. ఏడు రోజులు హాజరు లేని పేర్లు మూసేసి, రిపోర్ట్ పంపమని. ఒకే ఒక్క పేరు. మూశాను. రిపోర్ట్‌లో అన్ని గడులూ సరిగ్గా ఉన్నాయని రాసి పంపాను.

పదకొండు గంటలకు ఆమె వచ్చింది. మేడిపల్లి దాకా ఎవరిదో ట్రాక్టర్ మీద, అక్కడి నుంచి నడిచీ, వాళ్లనూ వీళ్లనూ బండి అడిగీ వచ్చిందట. చెప్పులు దుమ్ముగొట్టుకుపోయి ఉన్నాయి. కుర్చీ చూపించినా కూచోలేదు. బ్యాగులోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టి, నేను మొహం చూడాలని చున్నీ తల మీంచి తీసింది.

"సరిగ్గ చూస్కో అన్నా" అంది.

ఆమె పేరు మూసి అప్పటికి గంటన్నర అయింది.